పన్నెండో కాయ మీద చుక్క

తిరుపతి,
3-6-1982

దేవరాజులు మామకు పంకజాక్షి నమస్కారం. అత్తకు ఇంకో నమస్కారం, విడిగా.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు మెట్లు చూస్తే నొస్తుంది, మెట్లు లేనిచోట బాగానే ఉంటుంది.

ఈ ఉత్తరం అమ్మ రాయమంటే రాసింది కాదు. నాకే నీతో పని పడింది. నాకు మామిడికాయలు కావాలి మామా. తినడానికి కాదు, గీయడానికి.

మా వీధి చివర శ్రీమన్నారాయణ గారని, కాలేజీలో చెట్ల శాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఉన్నారు. మన జిల్లా మామిడి రకాల మీద పుస్తకం రాస్తున్నారు. పన్నెండు రకాలకు పన్నెండు రంగుల పటాలు కావాలి. నా టైపు కాగితాల వెనక గీసిన కాకరతీగ ఆయన కంట్లో పడి, ఈ పని నాకిచ్చారు. ఆయనకు ఒకటే పట్టు. కనిపించింది గీయాలి, తెలిసింది గీయకూడదు. మొదటిరోజు నేను గీసిన మామిడాకు చూసి, "ఇది ఆకు కాదమ్మా, ఆకు గురించి నువ్వు విన్న మాట" అన్నారు. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చి, మళ్ళీ పోయి ఆకు ముందు కూర్చున్నాను. ఇప్పటికి నలభై ఆకులయ్యాయి.

పటాలు బాగా వస్తే మద్రాసులో బడిపుస్తకాలు వేసే ఒక కంపెనీకి నా గురించి రాస్తానన్నారు. అక్కడ బొమ్మలు గీసేవాళ్ళకు నెలజీతం ఉంటుందట. నాయనకు నమ్మకం లేదు. "బొమ్మలు గీసి బతికినోళ్ళను యాడన్నా సూసినావా?" అంటాడు. వచ్చే ఏడు జూలైలో ఆడి నెల పుట్టేదాకా గడువిచ్చాడు. అప్పటికి నా గీతలకు ఉద్యోగం రాకపోతే పెన్సిళ్ళు అటక మీదికి, నేను టైపు పరీక్షకు.

అందుకని మీ తోటలో ఉన్న రకాలన్నీ తలా మూడు కాయలు, తొడిమతో, రెండాకులతో పంపు. మంచివి ఏరవద్దు, మామూలువి చాలు. మచ్చలున్నవి, పురుగు తొలిచినవి కూడా ఒకటి రెండు కావాలన్నారు.

టైపు క్లాసుకు వేళయింది. ఉంటాను.
నీ మేనకోడలు
పంకజ

బంగారుపాళ్యం,
9-6-1982

పంకజకు మామ ఆశీస్సులు. మీ అత్తవి కూడా ఇందులోనే కలిపాను, ఆమె విడిగా రాయదు.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. పురుగు తొలిచినవి అన్నచోట ఆపి మళ్ళీ చదవమంది. మూడోసారికి నన్నే అనుమానంగా చూసింది, నేను సొంతంగా కలిపి చదువుతున్నానని.

"మన తోటలో పురుగుకాయ యాడుండాది?" అని నిలదీసింది. లేదు పంకజా. ఒకటో అరో కనబడినా అవి పక్క తోట నుంచి దొర్లి వచ్చినవి. పుస్తకంలో పడేది నలుగురూ చూస్తారు. పెండ్లిచూపులకు పిల్లను జ్వరమొచ్చిన రోజున కూర్చోబెడతారా? మీ మాస్టారు చెట్ల శాస్త్రం చదివాడేమో గాని తోట పెట్టినట్టు లేదు.

కాబట్టి మంచివే ఏరాను. ఒక్కొక్క కాయను కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను. బేనిషా, బెంగుళూరా, నీలం, ఖాదరు అన్నీ తలా అయిదు గంపలో పెట్టి కండక్టరు మునెయ్యకు అప్పజెప్పాను. చిత్తూరులో దిగి తిరుపతి బస్సులో డ్యూటీ ఎక్కేటప్పుడు గంపను తానే మోస్తానన్నాడు. లెక్క చూసుకో, వాడికి బేనిషా అంటే ప్రాణం.

గంప అడుగున వేరే గుడ్డలో ఆరు కాయలు ఉన్నాయి. అవి మోటారు షెడ్డు పక్క చెట్టువి. దానికి పేరు లేదు. మీ అమ్మమ్మ చంద్రకాంతమ్మ యాడనుంచో తెచ్చిన టెంకను నాటి, కడవతో నీళ్ళు పోసి పెంచింది. అట్లాంటి చెట్టు ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అంగడికి పోదు, మేమే తింటాం. ఏటా ఆ చెట్టు తొలికాపు ఇల్లు దాటేటప్పుడు మీ అత్త ఎట్లా పంపుతుందో తెలుసు కదా, అట్లే పంపింది. ఆ చెట్టు కూడా పుస్తకంలో పడితే మా అమ్మ ఆత్మకు చల్లగా ఉంటుంది. పడకపోతే తినండి.

వాన లేదు.
మామ

తిరుపతి,
20-6-1982

మామకు,

గంప చేరింది. బేనిషాలు రెండు తక్కువ. మునెయ్యను అడిగితే "దారిలో మెత్తబడినాయి పాపా" అన్నాడు.

అత్త ఎంత జాగ్రత్తగా పంపిందో చూశాను. ఆ ఆరు కాయలకూ విడిగా వరిగడ్డి చుట్టి, పైన గుడ్డ కట్టి పంపింది. ఒక్కటి కూడా నలగలేదు. చెప్పు అత్తకు.

ఇంక నా కష్టం విను. కాయ ఆగదు మామా. సోమవారం పచ్చగా ఉన్న బేనిషాను గీయడం మొదలుపెడితే, గురువారానికి అది పసుపు. కుడివైపు సోమవారం కాయ, ఎడమవైపు గురువారం కాయ వచ్చింది. మాస్టారు చూసి, "ఇందులో ఏ కాయను నమ్మమంటావు?" అన్నారు. రెండోది మొదలుపెట్టాను. నాయన ఆఫీసు నుంచి వచ్చి, బల్ల మీద పండుంది కదా అని కోసుకు తిన్నాడు. నేనింకా ఎడమవైపు గీయలేదు. అడిగితే, "రెండు పక్కలా ఒకటే కదమ్మా ఉండేది" అన్నాడు. మూడోది తలుపు వేసుకొని గీశాను.

టైపు క్లాసులో కూడా ఒక తప్పు చేశాను. నీలం కాయ అంచు గుర్తుకొచ్చి, మిషను మీద అక్షరాలు పేర్చి కాయ బొమ్మ కొట్టాను. బాగానే వచ్చింది. మేడం ఆ కాగితాన్ని నాయనకు పంపింది.

అమ్మమ్మ చెట్టు కాయలంటే మాస్టారుకు అబ్బురమైపోయింది. భూతద్దం పెట్టి ఒక పూటంతా చూశారు. నీళ్ళు తగలనివ్వలేదు, గుడ్డతో కూడా తుడవనివ్వలేదు, కాయ మీద సహజంగా ఉండే పూత పోతుందట. పన్నెండో పటం దానిదే. రంగుల పటాలు మాస్టారు ఇంట్లోనే ఉండాలి, నేను పంపలేను. అందులో ఎరుపు కుదరడానికి మాత్రం నాకు మూడు రోజులు పట్టింది.

నాలుగు రకాలకు పెన్సిలు నకళ్ళు పంపుతున్నాను. ఎట్లా ఉన్నాయో దాచకుండా రాయి.

పంకజ

బంగారుపాళ్యం,
29-6-1982

పంకజకు,

దాచకుండా రాయమన్నావు, రాస్తున్నాను. తరువాత అలగకూడదు.

బొమ్మలను బస్టాండులో టీ అంగడికి తీసుకుపోయాను. అక్కడ పదిమంది ఉన్నారు, అందరూ తోటలవాళ్ళే. బెంగుళూరా బొమ్మను చేతులు మార్చి చూసి, ఇదేదో చిలకను చూసి గీసినట్టుందన్నారు. వాళ్ళు చెప్పింది నిజం. బెంగుళూరాకు ముక్కుంటుందని నీకు ఎవరో చెప్పారు, నువ్వు చిలకముక్కు పెట్టేశావు. ఆ కాయ ముక్కు చిలకది కాదు, మీ నాయనది. కొంచెం కిందికి దిగి, చివరకు వచ్చేసరికి అలిగినట్టు పక్కకు తిరుగుతుంది. మీ నాయన పేపరు చదివేటప్పుడు పక్కనుంచి చూడు.

నీలానికి రెండు భుజాలూ సమానంగా పెట్టావు. ఆ కాయకు తొడిమకు ఒక పక్క ఎత్తు, ఒక పక్క దిగుడు. కావడి మోసినవాడి భుజాల మాదిరి. ఖాదరు బాగుంది. దాన్ని చూసి నాకు నోరూరింది, అంతకంటే నాకు చెప్పడం రాదు.

అన్నీ పెన్సిలుతోనే గీశావు. రంగులకు ఇబ్బందిగా ఉంటే మొహమాటపడకుండా అడుగు. మోటారు షెడ్డు తలుపుకు కొన్న పెయింటు సగం డబ్బా మిగిలి ఉంది. నీలం రంగు. మునెయ్యతో పంపుతాను.

వాన నాలుగు చినుకులు పడి ఆగిపోయింది.
మామ

తిరుపతి,
22-1-1983

మామకు, అత్తకు,

పుస్తకం వచ్చింది! మొదటి కాపీ మాస్టారుకు, రెండోది నాకు, మూడోది ఈ కట్టలో నీకు. పెయింటు అక్కరలేకుండానే అయిపోయింది.

బెంగుళూరా పటం చూడు. నువ్వు చెప్పినట్టే నాయన పక్కన కూర్చొని ముక్కు చూసి గీశాను. "ఎందుకట్లా సూస్తా ఉండావు?" అని రెండుసార్లు అడిగాడు. కారణం ఇంకా చెప్పలేదు. నీలం భుజాలు దిద్దాను. మాస్టారు ఆ రెండు పటాలనూ అన్నిటికంటే ముందు చూపిస్తున్నారు. నువ్వు తిట్టిన తిట్లు ఆరునెలల క్లాసు మామా.

ఇంక పన్నెండో పటం. అమ్మమ్మ చెట్టుకు పేరు వచ్చింది! మాస్టారు ఏం రాశారో ఇక్కడే ఎత్తి రాస్తున్నాను, నీకు కళ్ళద్దాలు దొరకవు కాబట్టి.

"ఈ రకము ఇంతవరకు ఎవరూ నమోదు చేయనిది. తొడిమకు దిగువన, కుడి భుజము మీద, వేలికొనంత ప్రమాణములో గుండ్రని ఎర్రచుక్క ఉండును. పరిశీలించిన ఆరు కాయలలోను చుక్క ఒకే స్థానములో కనిపించినది. ఇదే దీని ప్రధాన లక్షణము. కనుక దీనికి 'తిలకము' అని పేరు పెట్టుచున్నాము. బంగారుపాళ్యము కాయలన్నిటి తోలు నూనె పూసినట్లు మెరయుట ఆ నేల మహిమగా తోచును."

ఎంత బాగా రాశారో చూడు. జూన్‌లో కాపు వచ్చినప్పుడు ఆయనే వచ్చి చెట్టును చూస్తారు. చూశాకే మద్రాసు కంపెనీకి నా గురించి రాస్తారట. ఆ తిలకం పటం ఒక్కటే చాలు, వాళ్ళు నన్ను తీసుకుంటారంటున్నారు.

పంకజ

బంగారుపాళ్యం,
1-2-1983

మా తల్లి పంకజకు,

పుస్తకం చేరింది. మీ అత్త దాన్ని పసుపు నీళ్ళు చల్లిన చోట పెట్టి, చేతులు కడుక్కొని తెరిచింది. పన్నెండో పటం చూసి ఆమెకు కండ్లనీళ్ళు ఆగలేదు. "నేను పెట్టిన బొట్టు కూడా వదల్లేదు సూడు నా కోడలు!" అని ముగ్గురిని పిలిచి చూపించింది. పట్నంలో పెరిగిన పిల్లవు, తొలికాపుకు కుంకుమ పెట్టి పంపే మన ఇంటి ఆచారాన్ని ఇంత భక్తిగా పుస్తకంలోకి ఎక్కిస్తావని అనుకోలేదు. ఆరు కాయలకూ తానే ఉంగరం వేలితో పెట్టానని మీ అత్త అంటోంది. వేలి గుర్తు కూడా సరిగ్గా వచ్చిందట.

మీ మాస్టారు రాసింది నువ్వు ఎత్తి రాశావు గాని, ఆ పెద్ద మాటలు నాకు సగమే తెలిశాయి. చుక్క గురించి గొప్పగా రాశాడని తెలిసింది. అంత పెద్ద చదువు చదివి కూడా ఆచారం మీద గౌరవం ఉన్న మనిషి. నూనె మాట కూడా పట్టేశాడు. చెట్టుకు తిలకమని పేరు పెట్టడం ఇంకా బాగుంది. మా అమ్మ నుదుట ఎప్పుడూ అంత బొట్టు ఉండేది.

పుస్తకం టీ అంగడిలో ఉంది. ఒక్కొక్కరు చేతులు తుడుచుకొని చూస్తున్నారు.

వాన కాలం కాదు, లేదు.
మామ

తిరుపతి,
5-2-1983

మామా,

అది బొట్టా?

నేను ఆచారాన్ని గీయలేదు. నాకు ఆ ఆచారమే తెలియదు. అమ్మను ఇప్పుడు అడిగితే, "అవును, ఆ చెట్టు కాయలకు పెట్టేవాళ్ళం, నీకు తెలుసనుకున్నా" అంటోంది. నూనె రాసిన తోలులోకి కుంకుమ ఇంకిపోయి, పుట్టుమచ్చలాగా ఉంది మామా. ఆరింటికీ ఒకేచోట ఉంది. కనిపించింది గీశాను. మాస్టారు కనిపించింది రాశారు. మూడు వందల కాపీలు అచ్చయ్యాయి.

ఆయన గొప్పగా రాయలేదు. ఈ కాయ పుట్టడమే ఎర్రచుక్కతో పుడుతుందని రాశారు.

చెబితే ఆయన మొహం ఎట్లా చూడాలి? మద్రాసుకు ఉత్తరం పోదు. అమ్మమ్మ చెట్టుకు పేరూ పోతుంది. నాయన టైపు పరీక్ష ఫీజు కట్టేస్తాడు. చెప్పకపోతే జూన్‌లో ఆయన వచ్చి చెట్టును చూస్తారు. రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. ఏం చేయమంటావు?

పంకజ

బంగారుపాళ్యం,
12-2-1983

పంకజకు,

ముందు అన్నం తిను.

రెండోది, ఎవరికీ ఏమీ చెప్పవద్దు. నేనూ మీ అత్తా కూర్చొని ఆలోచించాం. మీ మాస్టారు వచ్చేది జూన్‌లో. చెట్టు మా ఇంట్లో ఉంది. కుంకుమ కూడా మా ఇంట్లోనే ఉంది. కాయలు చెట్టు మీద ఉండగానే పెట్టేస్తాం. మీ అత్త అయితే, "ఎట్లాగూ ఆరింటికి పెడతా ఉండాను, ఇంకో రెండొందలు పెడితే పాపమా?" అంటోంది.

ఉత్త కుంకుమ అయితే గాలికి రాలుతుంది. నువ్వు మూడు రోజులు కష్టపడి కలిపిన ఎరుపు ఉంది కదా, అది ఒక సీసాలో పోసి మునెయ్యకు ఇవ్వు. అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది.

నాకు ఇది తప్పుగా తోచడం లేదు పంకజా. నలభై ఏళ్ళు కాసిన చెట్టును ఊళ్ళో "ఆ మోటారు కాడిది" అంటారు. మా అమ్మ పేరు కూడా అట్లే పోయింది, దేవరాజులు వాళ్ళమ్మ అనేవాళ్ళు. ఇన్నాళ్ళకు ఆ చెట్టు అచ్చులోకి ఎక్కింది. నీ బతుకు కూడా దానిమీదే ఆధారపడింది. ఒక బొట్టుకు ఇంత జరుగుతుంటే ఎందుకు చెరపాలి?

సీసా పంపు.
మామ

తిరుపతి,
7-6-1983

మామకు,

నువ్వు రాసిన మూడు కార్డులకూ నేను జవాబివ్వలేదు. నీకు కోపం వచ్చి ఉంటుంది. నాకు రాయడానికి మొహం చెల్లలేదు.

ఎరుపు కలిపాను మామా. సీసాలో పోసి, మూత బిగించి, బట్ట కూడా చుట్టాను. మార్చి నుంచి అది నా బల్ల కింద ఉంది. ఒకసారి బస్టాండు దాకా తీసుకుపోయాను. మునెయ్య చెయ్యి చాచాడు. ఇవ్వలేక వెనక్కి తెచ్చాను. కాయ మీద ఉన్న చుక్కను గీశాను, అందులో నా తప్పు లేదు. కానీ నేను గీసిన బొమ్మ నిజం కావాలని కాయ మీద చుక్క పెట్టిస్తే, ఆ తరువాత నేను ఏం గీసినా నాకే నమ్మకం ఉండదు. ఆ నలభై ఆకులు ఎందుకు గీసినట్టు?

నిన్న మాస్టారుకు మొత్తం చెప్పేశాను. నూనె సంగతి కూడా చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి పన్నెండో పటం చూశారు. మూశారు. "ఆదివారం నేనొక్కడినే పోతాను, చెట్టును చూడాలి" అన్నారు. కోపమో కాదో తెలియలేదు. మద్రాసు మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

నీ మీద కోపం లేదు మామా, నువ్వు నా కోసమే అన్నావు. అమ్మమ్మకు పేరు పోగొట్టింది నేనే, అదే బాధగా ఉంది. ఒక్క మాట మాత్రం విను. కాయలకు ఏమీ పెట్టవద్దు. ఏమీ. అత్తకు కూడా చెప్పు.

పంకజ

బంగారుపాళ్యం,
13-6-1983

పంకజకు,

ఏ మొహంతో రాయాలో తెలియడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను, మీ మాస్టారు పద్ధతిలో.

ఆదివారం వస్తున్నానని సారు కార్డు శుక్రవారం చేరింది. నీ సీసా రాలేదు. మీ అత్త కుంకుమను ఆముదంలో నూరింది. శనివారం పొద్దున నిచ్చెన వేసుకొని నేను పైన, ఆమె కింద, సాయంత్రానికి రెండు వందల పన్నెండు కాయలకు పెట్టాం. మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. మీ అత్త తెచ్చి ఇచ్చింది. కాని నా కళ్ళద్దాలు నిచ్చెన అందిన కొమ్మకు తగిలించి దిగిపోయాను. మళ్ళీ ఎక్కే ఓపిక లేక, పొద్దున చదవచ్చులే అని జేబులో పెట్టుకున్నాను. నీ ఉత్తరం జేబులో ఉండగానే, పంకజా, నేను కింద మిగిలిన నలభై కాయలకు బొట్లు పెట్టాను.

ఆదివారం తొమ్మిదికి సారు బస్సు దిగాడు. నీడలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం. తాగి, నేరుగా చెట్టు కిందికి పోయి తలెత్తాడు. అట్లే నిలబడ్డాడు. చెట్టు నిండా బొట్లే. నేను పక్కన నిలబడి, "సూడండి సార్, పుస్తకంలో ఉండేట్టే ఉండాది" అన్నాను.

ఆయన జేబులోంచి చేతిగుడ్డ తీసి ఒక కాయను తుడిచాడు. గుడ్డ ఎర్రనైంది. నా వైపు తిరిగి, మెల్లగా అడిగాడు.

"అన్నిటికీ పెట్టారా?"

నోట్లోంచి నిజమే వచ్చేసింది. "పైకొమ్మలకు అందలేదు సార్" అన్నాను.

ఆయన అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని మీ అత్త భయపడి నీళ్ళు తెచ్చింది. చూస్తే నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడిచిన గుడ్డ కుంకుమదే. మొహమంతా ఎర్రగా చేసుకొని, "మీ పాప నాకు ముందే చెప్పేసింది" అన్నాడు. అప్పుడు జేబులో ఉన్న నీ ఉత్తరం గుర్తుకొచ్చింది. ఆయనే చదివి వినిపించాడు. నేను తల ఎత్తలేదు.

తరువాత ఐదు కాయలు తిన్నాడు, తోలుతో సహా. టెంక కోసి చూశాడు, ఆకు కొలిచాడు. "సుక్క లేకపోతే ఇది ఉత్త కాయేనా సార్?" అని మీ అత్త అడిగింది. ఆయన ఈ చెట్టును ఎవరు నాటారని అడిగాడు. "మా అత్త, చంద్రకాంతమ్మ" అంది. రాసుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. బస్సెక్కి పోయాడు.

నీ ఉద్యోగాన్ని నా చేతులతోనే చెడగొట్టాను. నువ్వు వద్దన్నా వినని ముసలోడిని. క్షమించమ్మా.

వాన రాత్రి బాగా కురిసింది. బొట్లన్నీ కడుక్కుపోయాయి. ఒక్కరోజు ముందు కురిసి ఉంటే ఏం పోయింది?
మామ

తిరుపతి,
3-7-1983

మామకు,

నువ్వు క్షమాపణలు చెప్పవద్దు, నాకు ఏడుపొస్తుంది. మంచి మాటలు చెబుతాను, కూర్చొని చదువు. కళ్ళద్దాలు ఎక్కడున్నాయో చూసుకో.

మాస్టారు తప్పు దిద్దే చీటీ అచ్చు వేయించి, ప్రతి పుస్తకానికీ అంటిస్తున్నారు. నేనే జిగురు పూస్తున్నాను. చీటీలో ఇట్లా ఉంది. "పన్నెండవ పటములోని ఎర్రచుక్క కాయది కాదు, ఆ ఇంటి ఇల్లాలు పెట్టిన కుంకుమ. తోలు మెరుపు నేలది కాదు, కొబ్బరినూనెది. రకము మాత్రము కొత్తదే. దీనిని నాటినవారి పేర 'చంద్రకాంత' అని పిలుచుచున్నాము."

అత్తకు చెప్పు, చుక్క లేకపోయినా అది ఉత్త కాయ కాదట.

మద్రాసుకు కూడా ఉత్తరం రాశారు. నాకు చూపించారు. అందులో నా గీత బాగుందని ఎక్కడా లేదు. "ఈ అమ్మాయి ఎదుట ఉన్నది ఉన్నట్టు గీస్తుంది. ఎదుట ఏది పెడుతున్నామో చూసుకోవలసింది మనం" అని రాశారు. కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఆగస్టు ఒకటిన చేరమన్నారు. రెండో తరగతి పుస్తకానికి కూరగాయలు గీయాలి.

నాయన ఆ జవాబును రెండుసార్లు చదివాడు. సరే అనలేదు, కాదనీ అనలేదు. "ఆడి ఇంకా పుట్టలేదు కదా" అని మాత్రం అన్నాడు.

చుక్క లేకుండా పన్నెండో పటాన్ని మళ్ళీ గీశాను. చుక్క ఉన్న పాతదాన్ని మాస్టారు నాకే ఇచ్చేశారు. అద్దం కట్టించి అత్తకు పంపుతున్నాను. మునెయ్యకు ఇస్తే పగలగొడతాడని నాయననే తీసుకుపొమ్మన్నాను. గొణిగాడు గాని, శనివారం బయలుదేరుతానన్నాడు. ఆయనతో జాగ్రత్తగా మాట్లాడు మామా. ముక్కు సంగతి ఎత్తవద్దు.

పంకజ

బంగారుపాళ్యం,
11-7-1983

చంద్రకాంతమ్మ మనవరాలికి,

మీ నాయన శనివారం మధ్యాహ్నం పటాన్ని ఒళ్ళో పెట్టుకొని వచ్చాడు. చిత్తూరు నుంచి నిలబడే వచ్చాడట, కూర్చుంటే పక్కవాడి మోచెయ్యి తగులుతుందని. ఒళ్ళో అని ఎందుకు రాశానంటే, చిత్తూరు దాకా మాత్రం సీటు దొరికిందట.

పటాన్ని దేవుళ్ళ పక్కన తగిలించాం. ఆదివారం పొద్దున మీ అత్త స్నానం చేసి దేవుళ్ళందరికీ బొట్టు పెడుతూ వచ్చి, అదే వరసలో నీ పటానికి కూడా పెట్టింది. అద్దం మీద, సరిగ్గా నువ్వు గీసిన చుక్క మీదే. ఆమె చెయ్యి ఆ చోటికే పోతుంది, ఆపడం నా వల్ల కాదు.

మీ నాయన కాఫీ తాగుతూ వచ్చి పటం ముందు నిలబడ్డాడు. ముందు బెంగుళూరా మాట ఎత్తుతాడేమో అని నేను భయపడ్డాను. ఎత్తలేదు. చాలాసేపు చూసి, "బావా, ఇందులో మా పంకజ గీసింది ఏది, మా చెల్లెలు పెట్టింది ఏది?" అని అడిగాడు. నాకూ తెలియదన్నాను. లోటా కింద పెట్టి, వేలితో అద్దాన్ని తుడిచాడు. కుంకుమ వేలికి అంటింది. కింద చుక్క అట్లే ఉంది. మళ్ళీ తుడిచాడు. పోలేదు.

తరువాత ఆ కుంకుమను తన నుదుట పెట్టుకున్నాడు. "మద్రాసుకు పొద్దున బస్సు ఎన్నింటికప్పా?" అని అడిగాడు. మునెయ్య చెప్పగా విన్నాను, తిరుపతిలో నాలుగున్నరకు ఒకటి, ఆరుకు ఒకటి ఉందన్నాను. ఆరుకు అయితే మీ అమ్మ మోకాలికి తొందర ఉండదన్నాడు.

వాన బాగా పడింది.
మామ